లేని అడాప్టర్లు, ఉన్నా పనికిరాని అడాప్టర్లు

ముందే చెప్పేస్తాను, దీనివల్ల నెట్ స్పీడు పెరగదు. కంప్యూటర్లో పాత నెట్‌వర్క్ అడాప్టర్లన్నీ, అంటే కంప్యూటర్‌ని నెట్‌వర్క్‌కి కలిపే భాగాలన్నీ, ఏరి పారేస్తే నెట్ పరుగులు పెడుతుందని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎప్పుడో ఊడదీసిన వస్తువు పేరు విండోస్ తన సెట్టింగ్‌లు రాసుకునే చిట్టాలో, అదే రిజిస్ట్రీలో, ఓ మూల పడి ఉంటే, అది ప్రాసెసర్‌నీ వాడుకోదు, బ్యాండ్‌విడ్త్‌నీ తినదు. అయినా నేను ఓ ఆదివారం కూర్చుని తీశాను. ఎందుకంటే మా ఇంట్లో అలాంటి పేరు ఒకటి నిజంగానే అడ్డం పడింది. దాని సంగతి చూద్దామని వెళ్తే, అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నవి వేరే బయటపడ్డాయి. అవి పోయినవి కావు, బతికున్నవే.

మా డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఆరో తరం ఐ3 ప్రాసెసర్. 2020లో లాక్‌డౌన్ సడలించిన కొత్తలో ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ 10 కొత్తగా ఎక్కించాం. విండోస్ 11కి ఎనిమిదో తరం నుంచే అర్హత కాబట్టి ఇది ఇక అందులోకి వెళ్లదు. నేను కాకినాడలో, రామారావుపేటలో, ఇంట్లోంచే కొన్ని కొట్లకి లెక్కలు రాస్తాను. ఓ బియ్యం కొట్టు, రెండు మందుల షాపులు, ఇంకా చిన్నాచితకా. ట్యాలీ డేటా అంతా డెస్క్‌టాప్‌లోనే ఉంటుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్ కూడా దానికే తగిలించి ఉంది. కింద హాల్లో లాప్‌టాప్ మీద కూర్చున్నా డేటా పైనున్న ఈ డబ్బాలోంచే రావాలి, ప్రింటు దీంట్లోంచే పోవాలి. అందుకని నెట్‌వర్క్‌లో దీని అడ్రస్ (ఐపీ అడ్రస్ అంటారు) మారకుండా 192.168.1.10 అని గట్టిగా రాసి పెట్టుకున్నాను.

మే నెలలో ఓ సాయంత్రం గాలివాన వచ్చి, దగ్గర్లోనే పిడుగు పడింది. డెస్క్‌టాప్ ఆన్ అయింది కానీ నెట్ వైరు గుచ్చే ల్యాన్ పోర్టు పోయింది. రౌటర్ కింద అత్తయ్యగారి వాటాలో ఉంటుంది. అక్కణ్ణుంచి గోడ వెలుపలగా పైగదికి వచ్చే క్యాట్ 5 వైరు రాగిది, పొడుగ్గా ఉంది. పిడుగు ఆ వైరు మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా దాంట్లో కరెంటు పుడుతుంది. రౌటర్లో ఈ వైరు పెట్టిన పోర్టూ, మదర్‌బోర్డు మీది పోర్టూ రెండూ మాడిపోయాయి, మిగతావన్నీ బాగున్నాయి. ఇంటిదాకా ఫైబర్ వచ్చింది కదా, మాకేం భయం లేదు అనుకునేవాళ్లకి చెప్తున్నాను. ఫైబర్ గాజు కాబట్టి దాంట్లోంచి రాదు, నిజమే. ఫైబర్ డబ్బా దాటాక ఇంట్లో తిరిగేది రాగే. యూపీఎస్ కాపాడితే ప్లగ్గు వైపే, ల్యాన్ వైరు వైపు కాదు.

కంప్యూటర్ షాపు కుర్రాడు వచ్చాడు. ముందు సంచీలోంచి ఓ పాత పీసీఐ నెట్ కార్డు తీశాడు, రియల్‌టెక్ 8139 చిప్పుది. ఒకప్పుడు ఏ ఇంటర్‌నెట్ సెంటర్లో క్యాబినెట్ విప్పినా అదే కనపడేది. ఇప్పటి బోర్డులకి ఆ స్లాటే లేదు, మళ్లీ సంచీలో పెట్టేసుకుని పీసీఐఈ కార్డు తెచ్చాడు. పొట్టి స్లాట్లో గుచ్చి, స్క్రూ బిగించి, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌లలో, ఆన్‌బోర్డ్ ల్యాన్‌ని (మాడిపోయిన పోర్టుని) డిజేబుల్ చేశాడు. అంతవరకు పని శుభ్రంగా చేశాడు. నెట్ వచ్చింది. తర్వాత 192.168.1.10 కొట్టబోతే విండోస్ ఏదో పొడుగాటి మెసేజ్ ఇచ్చింది. చదవకుండా నో నొక్కి, 11 అని ఇచ్చేసి, "వచ్చేసింది మేడమ్" అని వెళ్లిపోయాడు.

లాప్‌టాప్‌లో ట్యాలీ తెరుచుకోలేదు. ప్రింటర్ ఆఫ్‌లైన్. అవి రెండూ 10 కోసం వెతుక్కుంటున్నాయి మరి. 11వ తారీఖు లోపు అమ్మకాల జీఎస్‌టీ రిటర్ను జీఎస్‌టీఆర్-1 వెయ్యాలి, టెన్షన్ నాది. షాపుకి ఫోన్ చేస్తే ఓనరు గారు ఎత్తి, మన ఊళ్లలో కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా చెప్పే మందే చెప్పారు: "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్, ఫ్రెష్‌గా ఉంటుంది." నేను వద్దన్నాను.

ఆ పొడుగాటి మెసేజ్ నేను కూర్చుని చదివాను. మీరిచ్చిన ఈ ఐపీ అడ్రస్ ఇప్పటికే వేరే అడాప్టర్‌కి రాసి ఉంది, ఆ అడాప్టర్ ఇప్పుడు ఈ కంప్యూటర్లో లేదు, లేనిదాని పేరు మీద ఉన్న సెట్టింగ్ తీసెయ్యమంటారా అని అడుగుతోంది. పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్ల పేరు పుట్టింటి రేషన్ కార్డులో ఉండిపోతే, అక్కడ తీసేదాకా అత్తారింటి కార్డులో ఎక్కదు చూడండి, అచ్చం అదే. కాకపోతే విండోస్ కాస్త మెత్తన, నో అన్నా ఎక్కిస్తుంది. పాతది ఏనాడైనా మళ్లీ లేస్తే ఇద్దరిలో ఒక్కరికే ఆ అడ్రస్ దక్కుతుందని హెచ్చరిస్తుంది, అంతే. నేను 10 ఇచ్చి ఎస్ నొక్కాను. అడ్రస్ సమస్య అక్కడితో తీరింది. మీకూ ఈ మెసేజ్ ఒక్కటే బాధైతే, ఎస్ నొక్కి లేచిపోవచ్చు. ఇంకేం తీయక్కర్లేదు.

నాకు ఇంకో రెండున్నాయి. ఒకటి, కొత్త కార్డు రాగానే విండోస్ దీన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని "నెట్‌వర్క్ 2" అని పేరు పెట్టి, పబ్లిక్‌లో కూర్చోబెట్టింది. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్ వైఫై లెక్క. ఫైల్ షేరింగ్, ప్రింటర్ షేరింగ్ ఫైర్‌వాల్ ఆపేస్తుంది. ఐపీ సరిచేశాక కూడా లాప్‌టాప్‌కి ట్యాలీ దొరక్కపోవడానికి కారణం ఇదే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిచి ప్రైవేట్ అని మారిస్తే ఆ క్షణమే తెరుచుకుంది. రెండోది చిన్నది, కనెక్షన్ పేరు "ఈథర్‌నెట్ 2" అయింది. దాన్ని "ఈథర్‌నెట్" అని మార్చబోతే ఆ పేరుతో ఇప్పటికే ఒక కనెక్షన్ ఉందంటుంది. చూస్తే ఎక్కడా లేదు. పేరు ఏదైతేనేం అంటారేమో. నిజమే, పని ఆగదు. కానీ లేనివాడు పేరు పట్టుకుని కూర్చుంటే నాకు నిద్ర పట్టదు. లెక్కలు రాసే బుద్ధి.

హైదరాబాద్‌లో మా తమ్ముడికి ఫోన్ చేశాను, వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"నెట్‌వర్క్ రీసెట్ అని ఉంటుంది అక్కా, సెట్టింగ్స్‌లో. కొట్టెయ్, అన్నీ పోయి కొత్తగా వచ్చేస్తాయి."

"అన్నీ అంటే ఏవేవి రా?"

"అన్నీ."

అదే నాకు పడనిది. నెట్‌వర్క్ రీసెట్ అడాప్టర్లన్నిటినీ తీసేసి, రీస్టార్ట్ అయ్యాక కనపడ్డవాటిని మళ్లీ ఎక్కిస్తుంది. నేను రాసుకున్న ఐపీ పోతుంది, డీఎన్ఎస్ (సైట్ల పేర్లని అడ్రస్‌లుగా మార్చే సర్వర్ అంకె) పోతుంది, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఇంట్లోంచి వెళ్లే వీపీఎన్ లాంటివి ఉంటే మళ్లీ ఎక్కించుకోవాల్సి రావచ్చు, నెట్‌వర్క్ మళ్లీ పబ్లిక్‌కి పోవచ్చు. ఏం చేసినా నెట్ రాని రోజున అది మంచి ఆయుధమే. నెట్ బాగానే వస్తున్నప్పుడు, ఒక్క పేరు కోసం దాన్ని వాడడం నాకిష్టం లేదు. ఒక్కొక్కటి చూసి, ఏది దేనిదో తెలుసుకుని తీస్తానన్నాను. "నీ ఓపిక" అన్నాడు వాడు.

మొదలుపెట్టే ముందు మూడు పనులు చేశాను. కొత్త కార్డు ఐపీ, గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్ అడ్రస్), డీఎన్ఎస్ అంకెలు కాగితం మీద రాసుకున్నాను. ఆ కార్డు డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను, ఎందుకంటే నెట్ కార్డు డ్రైవర్ పోయాక దాన్ని తెచ్చుకోవడానికి నెట్ ఉండదు. తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి రిస్టోర్ పాయింట్ పెట్టాను. దానికి కావలసిన సిస్టమ్ ప్రొటెక్షన్ విండోస్ 10లో చాలాచోట్ల ఆఫ్‌లోనే ఉంటుంది, మాదీ అంతే, ముందు ఆన్ చేసి ఆ తర్వాత పెట్టాల్సి వచ్చింది.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డివైస్ మేనేజర్ వస్తుంది. అందులో పైన వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ అని ఉంటుంది, దానికి టిక్ పెట్టాలి. విండోస్ 7 దాకా ఇది సరిపోయేది కాదు, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక సెట్టింగ్ కొట్టి, అక్కణ్ణుంచే డివైస్ మేనేజర్‌ని తెరవాల్సి వచ్చేది. విండోస్ 8 నుంచి టిక్ చాలు. నెట్‌వర్క్ అడాప్టర్స్ పక్కన బాణం నొక్కాను. కిందకి దిగీ దిగీ స్క్రీన్ నిండిపోయింది.

కొన్ని బొమ్మలు మామూలుగా, కొన్ని వెలిసిపోయినట్టు ఉన్నాయి. వెలిసిపోయినవి ఇప్పుడు కంప్యూటర్‌కి తగిలించి లేనివి. అనుమానం ఉంటే దాని మీద డబుల్ క్లిక్ చేస్తే, ఈ పరికరం ప్రస్తుతం కంప్యూటర్‌కి కనెక్ట్ అయి లేదు, కోడ్ 45 అని కనపడుతుంది. ఇంకా బాగుండేది డీటెయిల్స్ ట్యాబ్. అందులో ప్రాపర్టీ అనే జాబితా లాగితే, ఆఖరుసారి ఎప్పుడు తగిలించారు, ఎప్పుడు పీకారు అన్న తేదీలు ఉంటాయి. నేను ఒక్కోదానికీ తేదీ చూస్తూ కూర్చున్నాను. నిజానికి సగం పొద్దు దానికే పోయింది, పనికంటే అదే బాగుంది.

రియల్‌టెక్ పీసీఐఈ జీబీఈ ఫ్యామిలీ కంట్రోలర్, వెలిసిపోయి ఉంది. మాడిపోయిన పోర్టు ఇదే, తేదీ పిడుగు పడిన వారానిదే. దాని కింద అదే పేరు, చివర నంబర్ 2 అని, ఇది కొత్త కార్డు. చిప్పు ఒకే కుటుంబం కావడంతో పేరూ ఒకటే అయింది. పేరు ఒకటే ఉన్నప్పుడు నంబర్ చూసి తొందరపడకూడదు, ఏది వెలిసి ఉందో చూసి తీయాలి. రిమోట్ ఎన్‌డీఐఎస్ బేస్డ్ ఇంటర్నెట్ షేరింగ్ డివైస్ అని వరసగా ఉన్నాయి, నంబర్లతో సహా. అవి ఫోన్లు. పాప ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో నెట్ పోయినప్పుడల్లా మా ఆయన ఫోనో, నాదో, మావయ్యగారిదో యూఎస్‌బీ వైరుతో తగిలించి టెథరింగ్ పెట్టేవాళ్లం. ఆ ఫోన్లలో ఒకటి ఇప్పుడు లేదు, మావయ్యగారూ లేరు. జాబితాలో మాత్రం ఉన్నాయి.

తర్వాత వైఫై డాంగిల్. చిటికెన వేలు గోరంత ఉండే చవక రకం. అదొక్కటే మూడు పేర్లతో ఉంది. ఇలాంటివాటిలో చాలావాటికి సీరియల్ నంబర్ ఉండదు. అందుకని వెనక పోర్టులోంచి తీసి ముందు పోర్టులో గుచ్చితే విండోస్ దాన్ని కొత్త వస్తువే అనుకుంటుంది. ఇది సీడీ డ్రైవ్‌ల కింద కూడా కనపడింది! డ్రైవర్ తన కడుపులోనే పెట్టుకుని వస్తుంది కాబట్టి, గుచ్చగానే ముందు సీడీలా నటించి, డ్రైవర్ ఎక్కాక వైఫైగా మారుతుంది. డేటా కార్డుల కాలంలో, ఆ తెల్ల టాటా ఫోటాన్ నెట్ కర్రలు వాడినవాళ్లకి ఈ నాటకం గుర్తుండే ఉంటుంది. అవైతే మోడెమ్‌ల కిందా, పోర్టుల కిందా కూడా పేర్లు రాసి పోయేవి. ఒక్క నెట్‌వర్క్ అడాప్టర్ల కిందే వెతికితే అన్నీ దొరకవు.

వెలిసినవాటిని రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టడమే. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఈ డివైస్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా డిలీట్ చెయ్యమంటారా అని గడి కనపడితే, పాత రియల్‌టెక్‌కి ఆ టిక్ పెట్టకూడదు. కొత్త కార్డు కూడా అదే డ్రైవర్ మీద నడుస్తోంది. డాంగిల్‌కైతే పెట్టొచ్చు, అది మా ఇంట్లో ఇక ఎవరూ వాడరు. అన్నీ తీశాక ఈథర్‌నెట్ 2ని ఈథర్‌నెట్‌గా మార్చాను, కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

ఇంతవరకు శుభ్రత పనే. అసలు ఉపయోగం ఇక్కణ్ణుంచి మొదలైంది.

వెలిసిపోకుండా, చక్కగా ఆన్‌లో ఉండి, ఎవరికీ అక్కర్లేనివి రెండు కనపడ్డాయి. ట్యాప్ విండోస్ అడాప్టర్ వీ9, వర్చువల్‌బాక్స్ హోస్ట్ ఓన్లీ ఈథర్‌నెట్ అడాప్టర్. మొదటిది ఏదో వీపీఎన్ వదిలివెళ్లింది. మా ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నన్నాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ ఎప్పుడో తీసేశారు, అది తెచ్చుకున్న అడాప్టర్ మాత్రం ఇక్కడే స్థిరపడింది. నెట్‌వర్క్ కనెక్షన్ల పేజీలో ఎర్ర ఇంటూ గుర్తుతో, కేబుల్ ఊడిపోయిందని చెప్తూ ఉండేది అదే. దానికి కేబులే ఉండదు! అత్తయ్యగారు ఆ ఎర్ర గుర్తు చూసి "వైరు ఊడిందంట, చూడవే" అని చెప్పేవారు. రెండోది వర్చువల్‌బాక్స్‌ది, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్, మా అబ్బాయి ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో లినక్స్ ల్యాబ్ కోసం వేసింది.

ఈ వర్చువల్‌బాక్స్‌దే అసలు తలనొప్పి. అది కంప్యూటర్‌కి 192.168.56.1 అని ఇంకో అడ్రస్ ఇచ్చి కూర్చుంటుంది. ఆ నెట్‌వర్క్‌కి గేట్‌వే ఉండదు, విండోస్ దాన్ని అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అని పబ్లిక్ కింద పెడుతుంది. డెస్క్‌టాప్ మీద దాని పేరుకే పింగ్ (అవతల పలుకుతోందా అని చూసే కమాండ్) కొడితే 10 అని రావాల్సింది 56.1 అని వచ్చింది. లాప్‌టాప్‌లో కంప్యూటర్ పేరుతో షేరింగ్ ఫోల్డర్ తెరవబోతే ఒకసారి వచ్చి, ఒకసారి తిరుగుతూ తిరుగుతూ రాకుండా పోవడం ఏడాదిగా ఉంది. అందుకే నేను పేరు మానేసి అంకెలతో తెరవడం అలవాటు చేసుకున్నాను. కారణం వైఫై అనుకున్నాం, రౌటర్ పాతదనుకున్నాం. ఇది తీశాక పేరుతో కూడా వెంటనే తెరుచుకుంటోంది.

ఈ రకాన్ని డివైస్ మేనేజర్‌లో పీకకూడదు. పీకితే ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ తెచ్చుకోవచ్చు, లేకపోతే సాఫ్ట్‌వేర్ సగం విరిగి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ జాబితా చూస్తే ట్యాప్ విండోస్ అని విడిగా ఒక వరుస ఉంది, వీపీఎన్‌తో పాటు అది పోలేదు, అక్కణ్ణుంచి అన్‌ఇన్‌స్టాల్ చేశాను. వర్చువల్‌బాక్స్‌కి మా అబ్బాయిని అడిగాను.

"ఒరేయ్, ఇది ఇంకా కావాలా?"

"ఉండనీ అమ్మా, ఎప్పుడైనా పనికొస్తుంది."

ఈ మాట మా ఇంట్లో అటక మీద సామాన్లన్నిటికీ వర్తిస్తుంది. నీ లాప్‌టాప్‌లో వేసుకో అని తీసేశాను. కావాలి, కానీ ఇప్పుడు అక్కర్లేదు అనుకునేవాళ్లకి డిజేబుల్ అనే దారి ఉంది. నెట్‌వర్క్ కనెక్షన్లలో రైట్ క్లిక్ చేసి ఆపితే అడ్రస్ వదిలేస్తుంది, మళ్లీ కావలసినప్పుడు ఆన్ చేసుకోవచ్చు.

ఇక ముట్టుకోకుండా వదిలినవి. వ్యాన్ మినీపోర్ట్ అని ఎనిమిది ఉంటాయి: ఐపీ, ఐపీవీ6, పీపీపీఓఈ, పీపీటీపీ, ఎల్2టీపీ, ఎస్‌ఎస్‌టీపీ, ఐకేఈవీ2, నెట్‌వర్క్ మానిటర్. చూడ్డానికి చెత్తలా కనిపిస్తాయి, అవి విండోస్ సొంతవి. ముఖ్యంగా పీపీపీఓఈది. కేబుల్ నెట్ వైరు నేరుగా కంప్యూటర్‌కే పెట్టుకుని, బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మీద యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ చేసుకునే ఇళ్లు మా వీధిలో ఇంకా ఉన్నాయి. వాళ్ల నెట్ నడిచేది దాని మీదే. కెర్నల్ డీబగ్ నెట్‌వర్క్ అడాప్టర్ అన్నదీ విండోస్‌దే. వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్ కొన్నిసార్లు వెలిసి కనపడుతుంది, అయినా వైఫై ఉన్న కంప్యూటర్లో దాన్ని తీయకండి. లాప్‌టాప్‌ని హాట్‌స్పాట్‌గా వాడేది దాని సాయంతోనే.

షాపు కుర్రాడికి గానీ మీకు గానీ ఇంకో మాట. కార్డు మారితే మ్యాక్ అడ్రస్, అంటే ఆ కార్డుకి పుట్టుకతో వచ్చే నంబర్, మారుతుంది. కొందరు కేబుల్ నెట్ వాళ్లు మ్యాక్‌ని కట్టేసి ఉంచుతారు, కొత్త కార్డుతో నెట్ రాదు, ఫోన్ చేసి కొత్త నంబర్ ఎక్కించమనాలి. మాకు మధ్యలో రౌటర్ ఉంది కాబట్టి వాళ్లకి కనపడేది రౌటర్ మ్యాక్, ఆ బెడద రాలేదు. అది లేని ఇళ్లలో కార్డు బాగోలేదని రెండోసారి మార్పించినవాళ్లని చూశాను.

బ్లూటూత్ డివైస్, పర్సనల్ ఏరియా నెట్‌వర్క్ అని ఒకటి మాత్రం వెలిసిపోయి ఉన్నా ఉంచేశాను. పాప బ్లూటూత్ డాంగిల్ ఎప్పుడు గుచ్చితే అప్పుడు మళ్లీ వచ్చేస్తుంది, తీసి లాభం లేదు. జీఎస్‌టీఆర్-1 10వ తారీఖు రాత్రే వేసేశాను. తమ్ముడు ఫోన్ చేసి వాళ్ల ఇంట్లో కంప్యూటర్ కూడా చూసిపెట్టమంటున్నాడు, నెట్‌వర్క్ రీసెట్ కొట్టుకో అన్నాను.